మేడిపాల గడ్డం

మా నాలుగేళ్ళ పాపకు గవదబిళ్ళలు వచ్చాయి. రెండు దవడలూ ఉబ్బి, తిండి మానేసింది. డాక్టరు జ్వరానికి సిరప్ రాసి, "అదే తగ్గుతుంది, మెత్తగా ఏదైనా తినిపించండి" అన్నారు. ఎలా తినిపించాలో మాత్రం రాయలేదు. నేను ఫోన్లో గవదబిళ్ళల గురించి చదవడం, చదివినవన్నీ పిల్లలో వెతకడం మొదలుపెట్టాను.

మా అత్తగారు చెరకు చేను గట్టు మీదున్న మేడిచెట్టుకి కత్తితో గాటు పెట్టి, కొబ్బరిచిప్పలో పాలు పట్టి తెచ్చారు.

"ఇది రాసి దూది అంటించీడమే. మీ ఆయనకీ సిన్నప్పుడు ఇలాగే తగ్గింది."

"చర్మం మండితే అత్తా?"

"సెట్టుని సూసి బయపడతావు గానీ, ఆ ఫోను సూసి బయపడ్డం మానవేటి?"

ముందు నా ముంజేతి మీద చుక్క వేసుకుని ఒక పూట ఆగాను. ఏమీ కాలేదు. అప్పుడు సరేనన్నాను.

దూది అంటించాక పాప అచ్చం తెల్లగడ్డం తాతలా ఉంది. అద్దం చూసి నవ్వబోయి, నొప్పేసి ఏడ్చింది. పప్పన్నం మెత్తగా పిసికి తెస్తే మూతి బిగించింది.

"నువ్వూ గెడ్డం ఎట్టుకో. అప్పుడు తింతాను."

అత్తగారు నవ్వాపుకుంటూ చిప్ప తెచ్చారు. "రా, కూకో. గుంట తినాలా, వద్దా?"

కూర్చున్నాను. గడ్డం వచ్చింది, ఒక ముద్ద దిగింది. "ఇంకా పెద్దది" అంది పాప. ఇంకాస్త దూది, ఇంకో ముద్ద. గిన్నె ఖాళీ అయ్యేసరికి నా గడ్డం మెడ దాటింది.

డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు.

"అమ్మా, ఈ తాతెవలే?"

"నీ పెళ్ళామేరా. పిల్లకి అన్నం తినిపిత్తంది."

అలా పూటపూటా దూది కలుస్తూ రోజులు గడిచాయి. ఒక ఉదయం పాప వాపు దిగింది, దాని దూది పొరలుగా ఊడింది. దోసె అడిగి, మొత్తం తినేసింది. నాకు ఏడుపొచ్చింది. తుడుచుకుందామంటే చేతికి దూదే తగిలింది.

"అత్తా, నాది ఊడలేదేం?"

ఆవిడ నిజంగానే ఆలోచించారు.

"దానికి వాపు దిగింది, దూది ఊడింది. నీకు వాపే నేదు గదే. ఏటి దిగుద్ది, ఏటి ఊడుద్ది?"

వాపు లేదని అంత ఖాయంగా ఎలా చెప్పగలరు? గబగబా దవడ తడుముకున్నాను. అంత దూది కింద ఏం తెలుస్తుంది!