పుక్కిట పట్టిన మందు

మా ఆయన ద్రగుతిన్ పోయాక ప్లమ్ తోట రెండుసార్లు కాసింది. ఆయన్ని తలచుకుంటే ముందుగా గుర్తొచ్చేది మాటకి అడ్డుతగలడమే. ఎదుటివాడు సగం మాటలో ఉండగానే మిగతా సగం తనే పూర్తిచేసి, దానికి జవాబు కూడా తనే చెప్పేవాడు. చర్చిలో పాదిరీగారిని కూడా వదల్లేదు.

రక్త క్యాన్సర్‌కి మందులు ఎక్కిస్తున్న రోజుల్లో ఆయన నాలుక మీదా, బుగ్గల లోపలా పెరుగు తరకల్లా తెల్లగా పేరుకుంది. రొట్టె మింగుడుపడేది కాదు. మా ఊళ్ళో ఏ రోగానికైనా మొదటి వైద్యం ప్లమ్ సారాయే. రకియా అంటాం. కాళ్ళనొప్పికి రాస్తాం, జ్వరానికి గుడ్డ తడిపి వేస్తాం. ఈయన దాంతోనే పుక్కిలించి, కేకలు పెట్టి, పైన తేనె నాకేవాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నోరు తెరిపించి చూసి తల పట్టుకుంది.

"సారాతో కడిగి తేనెతో మేపావా తాతా దీన్ని? ఇది ఈస్టు. అందరి నోళ్ళలోనూ కాస్తో కూస్తో ఉండేదే. నీ ఒంట్లో కాపలా నిద్రపోయింది, ఇది సంసారం పెంచుకుంది."

"మా నాన్న అయితే..."

"మాట్లాడకు. రోజుకి నాలుగుసార్లు ఈ పసుపు మందు నోట్లో పోసుకుని, బాగా తిప్పి, పట్టగలిగినంతసేపు పట్టి మింగు. అంతసేపూ నోరు తెరవకూడదు."

నేను ఆవిడ చెయ్యి ముద్దుపెట్టుకోబోయాను.

ఈయన అన్న వుకాషిన్ ఇల్లు మా దొడ్డి అవతలే. తండ్రి పోయిన నలభయ్యో రోజుకి అన్నదమ్ములిద్దరూ కలిసి కాచిన రకియా అడుగంటింది. ఊరంతా ఆ మాడు సారాయే తాగి ముసలాయన ఆత్మకి శాంతి కోరింది. ఎవరు మాడ్చారన్నది మాత్రం తేలక, ఇన్నేళ్ళూ ఇద్దరికీ పడలేదు. ఎప్పుడైనా బావగారు రాజీకొచ్చి "ఆ రోజు కాగు దగ్గర నేను..." అనేవాడు. "నిద్రపోయావ్!" అని ఈయన అరిచేవాడు. ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయేవాడు.

"పోయేలోగా అన్నతో సర్దుకోవాలే" అన్నాడు ద్రగుతిన్ ఒకరోజు.

"నువ్వు నోరు మూసుకుంటే చాలు."

"అదెలా?" అన్నాడు. నిజంగానే అడిగాడు.

ఆ ఆదివారం వుకాషిన్ కాఫీ పొట్లం పట్టుకుని వచ్చేసరికి ఈయన అప్పుడే మందు నోట్లో పోసుకున్నాడు.

"ఎలా ఉందిరా ఒంట్లో?"

"మ్మ్."

"ఇంకా కోపమేనా?"

"మ్మ్మ్!"

"మందు పట్టాడు బావగారూ, మాట్లాడకూడదు" అన్నాను.

వుకాషిన్ స్టూలు లాక్కున్నాడు. ఇలాంటి అదృష్టం మళ్ళీ రాదని ఆయనకి తెలిసిపోయింది.

"అయితే వినరా. ఆ రోజు కాగు దగ్గర నేను..." అలవాటుకొద్దీ ఆగాడు. ఎవరూ అడ్డురాలేదు. "నిద్రపోయాను. రుచి చూస్తూ చూస్తూ కునికాను. మాడ్చింది నేనేరా. నాన్న పేరున కాచింది."

ద్రగుతిన్ బుగ్గలు ఉబ్బాయి, చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్ళ "నే చెప్పలా!" అంతా ఆ మందు వెనక నిలబడి తోసుకొస్తోంది. గుటక వేశాడు. నోరు తెరిచాడు. అయిపోయింది, మళ్ళీ మొదటికే అనుకున్నాను.

అన్న నేలచూపులు చూస్తున్నాడు. ఈయన ఆ వంగిన మెడకేసి కాసేపు చూశాడు. సీసా అందుకుని, ఇంకో చెంచా మందు నోట్లో పోసుకుని పెదాలు బిగించాడు. ఖాళీ చేత్తో అన్న మోకాలు తట్టాడు.

"ఇప్పుడేగా పట్టాడు?" అన్నాడు వుకాషిన్, కళ్ళు తుడుచుకుంటూ.

"ఒక్కోసారి రెండు పట్టాలి బావగారూ" అన్నాను.