జాబితాలో చివరి పేరు

గచ్చిబౌలి ఆఫీసులో మా మెయిల్ సర్వర్ చూసుకునే పెద్దాయన, ఎంత పెద్ద జాబితాకు మెయిల్ పంపినా చివర్న తన అడ్రస్ చేర్చేవాడు. తన ఫోన్ మోగాకే "అందరికీ పోయినయ్" అని చాయ్‌కి లేచేవాడు.

నేను చేరిన కొత్తలో వేలమందికి హాల్ టికెట్లు పంపే పని నాకిచ్చారు. పరీక్ష ఎల్లుండే. మెయిళ్లేమో క్యూలో నత్తల్లా కదులుతున్నాయి. కంగారుపడి జాబితా మొత్తానికీ మళ్లీ సెండ్ నొక్కాను. క్యూ రెట్టింపయింది.

ఆయన తిట్టలేదు. రెండోసారి పడ్డవన్నీ తీసేసి, "జర ఆగు బిడ్డా. అన్నీ ఒక్కసారే తోస్తే అవతలి సర్వర్ తలుపేసుకుంటది. పెండ్లి భోజనాల లెక్క, బంతి తర్వాత బంతి పంపాలె" అన్నాడు. సాయంత్రానికి ఆయన ఫోన్ మోగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ ఏడే హఫీజ్‌పేట్‌లో ఆయన కూతురి పెళ్లి. ఆయన ఆఖరి బంతిలో చివరి విస్తరి ముందు కూర్చున్నాడు, పక్కనే నేను. తన విస్తట్లో లడ్డూ పడ్డాక "అందరికీ పోయినయ్" అని నవ్వాడు. వెంటనే వడ్డించేవాణ్ణి వెనక్కి పిలిచాడు.

"ఈ బిడ్డకు ఇంకోటెయ్యి. ఒక్కసారి పంపితే నమ్మది."