కరాచీకి తొక్కు డబ్బా

ఉప్పల్ నుంచి స్కూటరు మీద మా నాచారం గ్రంథాలయానికి వచ్చే ఆ సారును తలుచుకుంటే నాకు ఇప్పటికీ రోత. పొరుగు దేశాల మధ్య శాంతి చర్చల నిపుణుడట. ఫెలోషిప్ వచ్చింది, కరాచీ వెళ్తున్నాడు. గుండె మీద చెయ్యి వేసుకుని "మనిషిని మనిషి కలవాలి" అనడం ఆయన అలవాటు.

ఆ మాట నమ్మి, గ్రంథాలయం పక్కన బట్టలు కుట్టే చాచా తన ఇంట్లో పెట్టించిన మామిడికాయ తొక్కు డబ్బా ఆయన చేతికిచ్చాడు. కరాచీకి కోడలిగా వెళ్లిన చెల్లెలికి అందించమన్నాడు. పెళ్లి తర్వాత చాచా ఆమెను మళ్లీ చూడలేదు.

తిరిగొచ్చాక సారు గ్రంథాలయంలోనే ఉపన్యాసమిచ్చాడు. "సదస్సు భోజనంలో మన నాచారం తొక్కు వడ్డించాను. రెండు దేశాల నిపుణులూ వేళ్లు నాక్కున్నారు. శాంతి అంటే అదే!"

చప్పట్లు మోగాయి. వెనక వరుసలో చాచా లేచాడు.

"మా చెల్లె ఎట్లున్నది సారూ?"

"వాళ్లిల్లు చాలా దూరం చాచా, వెళ్లడం కుదరలేదు." చెయ్యి మళ్లీ గుండె మీదికి వెళ్లింది.

"ఫికర్ లేదు సారూ. తొక్కు మంచిగుండెనా?"

తర్వాత సారు శాంతి మీద రాసిన తన పుస్తకాన్ని గ్రంథాలయానికి కానుకగా ఇచ్చాడు. అట్టలు ఊడినవాటితో సహా అక్కడి పుస్తకాలన్నీ చదివాను. అదొక్కటి ముట్టుకోలేదు.