రవ్వ గీకడం నేర్పిన మాస్టారు

మా మృదంగం మాస్టారు పోయారన్న కబురు మంగళవారం పొద్దున్న పాత స్కూలు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పంపింది మా ప్రిన్సిపాల్ గారు. ఫొటో కింద ‘ప్రముఖ డాన్స్ మాస్టర్’ అని వేయించారు. బతికినన్నాళ్లూ కూర్చుని వాయించిన మనిషిని, పోయాక లేపి గంతులు వేయించిన ఘనత మా విద్యాసంస్థకే దక్కింది.

మాస్టారు పనిచేసింది మా రాజమండ్రిలోనే, సంగీతం, నాట్యం నేర్పే బడిలో. అక్కడ మధ్యాహ్నం దాకా లెక్కలూ సైన్సూ, ఆపైన మృదంగం. ఏడో తరగతి అవ్వగానే అందులో చేరతానని మొరాయించాను. నాన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, ఇక్కడ మార్కులు ఎలా వస్తాయండీ అని అడిగారు.

“మార్కుల సంగతి చెప్పలేనండి. చెమట మాత్రం పడుతుంది,” అన్నారు మాస్టారు.

నాన్న నన్ను చెమట పట్టని ఏసీ స్కూల్లో పడేశారు. అక్కడ కళలు లేవంటే కళ్లు పోతాయి. టైంటేబుల్లో శనివారం ఆఖరి పీరియడ్ ‘కల్చరల్’. ఆ పీరియడ్‌లో లెక్కల సారు వచ్చి స్లిప్ టెస్టు పెట్టేవారు.

తొమ్మిదిలో యాన్యువల్ డేకి మాస్టారిని పిలిచారు. ఆయన వేదిక పక్కన కూర్చుని, మృదంగం ఎడమవైపు తడి రవ్వ ముద్ద అద్దుకున్నారు. అది లేనిదే ఆ వైపు గంభీరంగా పలకదు. ఇంతలో ప్రిన్సిపాల్ వచ్చి, పాటంతా పెన్‌డ్రైవ్‌లో ఉందనీ, వీడియో కోసం చేతులు ఆడిస్తే చాలనీ, చివర్లో శాలువా కప్పుతామనీ చెప్పారు. మాస్టారు కోప్పడలేదు. రవ్వంతా గోటితో గీకి, తడిగుడ్డతో తుడిచి, మృదంగానికి గలేబు తొడిగారు.

“ఆ శాలువా పెన్‌డ్రైవ్‌కే కప్పండి. పాపం, కష్టమంతా దానిదే కదండీ.”

నృత్యంలో నాది చెట్టు వేషం. ఆకులతో సహా గేటు దాకా వెంటపడి, మీ బడిలో చేర్చుకోండి మాస్టారూ అన్నాను. నాన్న ఒప్పుకోకుండా కుదరదన్నారు. “ఆదివారం ఇంటికి రా. ఆ ఆకులు పీకేసి మరీ రా.”

ఆర్నెల్లు రవ్వ గీకడమే నేర్పారు. వాయించాక దాన్ని ఎండనిస్తే మృదంగం చర్మం పాడవుతుందట. “గీకడం రానివాడికి వాయించే హక్కు లేదురా,” అనేవారు. ఆ తర్వాత వాయించడంలో నాలుగు పాఠాలు అయ్యేసరికి పదో తరగతి పేరు చెప్పి నాన్న మాన్పించారు. మార్కులు దండిగా వచ్చాయి. అవెక్కడున్నాయో అమ్మనడగాలి.

మంగళవారం ఆయన ఇంటికి వెళ్లేసరికి ప్రిన్సిపాల్ శాలువా కప్పుతున్నారు. ఈసారి మాస్టారు కాదనలేకపోయారు.

ముందురోజు సాయంత్రం పాఠం చెబుతూనే ఒరిగిపోయారట. గోడవారన మృదంగం అలాగే ఉంది, రవ్వ ఎండి బీటలిచ్చింది. ఆయన బడి పిల్లలెవరికీ దాన్ని ముట్టుకోవడానికి చేతులు రాలేదు.

“నువ్వు గీకు బాబూ. ఆయన చూస్తే ఊరుకోరు,” అన్నారు మాస్టారి భార్య.

నీళ్లద్ది, నెమ్మదిగా గీకాను. ఇంటికొచ్చి స్నానం చేశాక కూడా గోటి సందున ఒక్క రవ్వ పలుకు తెల్లగా మిగిలే ఉంది.