మా డాక్టర్‌బాబు సీటు సంగతి

మా అన్నయ్య కొడుక్కి పళ్ళు రాకముందే డాక్టర్‌బాబు అని పేరొచ్చింది. ఆలూ లేదు చూలూ లేదు అనే సామెత మా అన్నయ్యని చూసే పుట్టి ఉండాలి. పాలసీసా అందించేటప్పుడు కూడా మా వదిన "తాగండి డాక్టరుగారూ" అనేది. ఆ గౌరవం అప్పుడే వాడి నెత్తికెక్కింది, ఇప్పటిదాకా దిగలేదు.

వాళ్ళింట్లో ఒక వింత ఆచారం ఉండేది. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ముందు వాడి గది తలుపు వేసేసేవారు. డాక్టరు చదవబోయేవాడికి జ్వరం అంటుకోకూడదట. సొంత నానమ్మ మంచాన పడితే వాడు గుమ్మం అవతలే నిలబడి "ఎలా ఉంది నానమ్మా" అని అడిగి వెళ్ళిపోయేవాడు. మా అమ్మ పిచ్చిది, దానికే మురిసిపోయేది.

మెడికల్ ప్రవేశ పరీక్ష వాడు రాస్తూనే ఉన్నాడు, సీటు రాకుండానే ఉంది. తప్పు ఎప్పుడూ పరీక్షదే. ఒకసారి ప్రశ్నలు బాగాలేవు, ఇంకోసారి పక్కవాడు దగ్గాడు.

నేను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. ఆ మాట అన్నయ్య బయట చెప్పడు. "చెల్లెలు హాస్పిటల్లో ఉంది" అంటాడు. విన్నవాళ్ళు నన్ను డాక్టరనైనా అనుకోవాలి, రోగి అనైనా అనుకోవాలి. అలాంటి మనిషి ఒక ఆదివారం మా ఇంటికొచ్చి కూర్చున్నాడు.

"మీ ఎక్స్‌రే కోర్సులో ఒక సీటు మిగిలిందటగా. నువ్వు చెప్తే ఇస్తారట. ఏదీ రానప్పుడు అదైనా చేస్తాడు."

"చేస్తానంది వాడా, నువ్వా?"

"వాడిదేముంది, చేరితే చేస్తాడు. దానికేమన్నా బుర్ర కావాలా ఏంటి?"

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ సీటు పోతే వాడు ఇంకో ఏడాది ఇంట్లో కూర్చోవాల్సిందే. ఎంతైనా మేనల్లుడు.

"రేపు నా ఎక్స్‌రే గదికి పంపించు. ఒక పూట చూసి చెప్తాను" అన్నాను.

మర్నాడు వాడు ఇస్త్రీ మడత నలగని చొక్కాతో వచ్చాడు. అప్పుడే స్నానాలగదిలో జారిపడిన ముసలమ్మని స్ట్రెచర్ మీద తెచ్చారు. తుంటి విరిగినట్టుంది. నొప్పికి బట్టల్లోనే పోసేసుకుని, సిగ్గుతో కళ్ళు మూసుకుంది. ఆవిణ్ణి బల్ల మీదికి మార్చాలి. అటెండరు వేరే వార్డులో ఉన్నాడు. నేను తలవైపు దుప్పటి అంచులు పట్టుకుని "కాళ్ళవైపు నువ్వు పట్టు నాన్నా" అన్నాను. వాడు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని గోడకి అతుక్కుపోయాడు.

"దీనికి వేరే మనుషులుంటారు కదత్తయ్యా?"

"ఉంటారు. మనమే."

"నేను డాక్టరవ్వాల్సినవాణ్ణి. నాతో ఇవన్నీ..."

ముసలమ్మ కళ్ళు తెరిచి "బాబుని ఇబ్బంది పెట్టకమ్మా" అంది. తుంటి విరిగిన మనిషి వాడి మీద జాలి పడింది. వాడు ఆ జాలిని కూడా నిక్షేపంగా పుచ్చుకుని బయటికి నడిచాడు. నాకు వాణ్ణి చూస్తే అసహ్యమేసింది.

సీటు కోసం వాడి పేరు నేను చెప్పలేదు. అన్నయ్య నాతో మాట్లాడ్డం మానేశాడు. మేనల్లుడు బాగుపడితే మేనత్తకి కడుపుమంట అని వదిన చుట్టాలందరి ఇళ్ళకీ వెళ్ళి మరీ చెప్పొచ్చింది. ఆ చిన్న చదువుకి కూడా గతిలేక వాడు మళ్ళీ పరీక్ష పుస్తకాలే ముందేసుకున్నాడు. ఈసారి పట్టుదలగా చదువుతున్నాడని విన్నాను, విని నవ్వుకున్నాను.

నిన్న అన్నయ్య మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చాడు. డాక్టర్‌బాబుకి మెడికల్ సీటు వచ్చింది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అని లోకం నవ్వుతుంది. మావాడు నిజంగానే ఎగిరి కూర్చున్నాడు.

"నువ్వు ఆ రోజు కాదనబట్టే వాడికి పౌరుషం వచ్చిందమ్మా. లేకపోతే నీలాగే ఆ చీకటిగదిలో మగ్గిపోయేవాడు" అంటూ అన్నయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఈ పుణ్యమంతా నీదేనన్నాడు.

చేతిలో మిఠాయి తిరిగి పెట్టెలోనే పెట్టేశాను. ఒక ముసలమ్మకి దుప్పటి అంచు పట్టలేదని వాణ్ణి నా గదికి రానివ్వలేదు. ఇక ముసలమ్మలందరూ వాడి గది బయటే వరసలో కూర్చోవాలి.