అంటుకుపోయిన పేజీ

సాయంత్రం నాలుగూ పదికి చాతం జెట్టీలో నేనెక్కిన బాంబూఫ్లాట్ ఫెర్రీ పడవ తాడు విప్పారు. చర్చి మహిళా సంఘాల వాళ్లు తయారుచేసుకున్న వంటల పుస్తకాలు నేను పోగుచేస్తుంటాను. ఆ రోజు మాత్రం ఒక్క పేజీ కోసమే బయల్దేరాను. డాలీగంజ్ సంఘం పుస్తకంలో ఎవరి వంట వాళ్లే తమ చేత్తో రాశారు. మా అక్క చేపల పులుసు రాసింది. అక్క పోయి నాలుగు నెలలైంది. ఆమె చేతిరాత మా ఇంట్లో ఇంకెక్కడా లేదు. ఆ పేజీని చెదలు తినేసి ఉంటాయేమోనని దారంతా భయపడ్డాను.

ఆ పుస్తకం దాచిన సంఘం పెద్దావిడ ఇప్పుడు బాంబూఫ్లాట్‌లో ఉంటోంది. వంటింటి అటక మీంచి దాన్ని దించింది. చెదలు పట్టలేదు. కానీ తేమకి అక్క పేజీ పక్క పేజీకి అంటుకుపోయింది. పై అంచున వంట పేరు ఒక్కటే కనిపించింది, నీలం సిరాలో.

"అరే, దీనికేంటి! అన్నం ఆవిరి తగిలితే ఊడొచ్చేస్తుంది," అంటూ ఆవిడ గిన్నె మూత తీసింది.

"వద్దు ఆంటీ! సిరా కరిగిపోద్ది."

"మీ అక్కా ఇంతే. ముక్క విరిగిపోద్దని పులుసులో గరిటె పెట్టనిచ్చేది కాదు. తీసుకుపో, పిరికిదానా."

తిరుగు ఫెర్రీలో వాన పట్టుకుంది. పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, జెట్టీ వచ్చేదాకా రెండు చేతులతో పొట్టకి అదుముకుని కూర్చున్నాను. పేజీ విప్పితే అక్క రాత పోతుందేమో. విప్పకపోతే ఆమె అందులో ఏమేం వేసేదో నాకు తెలియదు. ఇప్పటికీ విప్పలేదు. మా ఇంట్లో ఆ పులుసు ఇప్పుడు ఎవరూ చెయ్యరు.