అక్క గొంతు దాచిన పెట్టె

మా అక్కకు గొంతు క్యాన్సర్ వచ్చింది. స్వరపేటిక తీసేయాలి, ఆ తర్వాత మాట రాదు అని డాక్టరు చెప్పిన రోజు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. నేనప్పుడు కుప్పంలో ఒక చిన్న సెంటర్లో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. ఊరికే కూర్చుని ఏడవడం నాకు చేతకాదు. ఆ గొంతు పోకముందే రికార్డు చేసి దాచాలనుకున్నాను. ల్యాప్‌టాప్, ఒక మైకు సంచిలో వేసుకుని పుంగనూరు దగ్గర అక్కావాళ్ల పల్లెకు బస్సెక్కాను.

ముందు అక్క చేత పాటలు పాడించాను. కొంగు మూతికి అడ్డం పెట్టుకుని రెండు పాడి, "ఇంక సాలప్పా, ఎవురన్నా వింటే నగుతారు" అని లేచిపోయింది. సరేనని మైకును వసారా గూట్లో పెట్టి, ఆపకుండా వదిలేశాను. అక్క ఆవును అదిలించింది, పాలు పోయించుకునేవాడితో గొడవ పడింది, బావ మీద కేకలేసింది. అన్నీ రికార్డయ్యాయి. వాటిని అరచేతిలో పట్టే ఒక నల్లటి హార్డ్ డిస్కు పెట్టెలోకి ఎక్కించి అక్క చేతికే ఇచ్చాను. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నవి ఆ తర్వాత వైరస్ పట్టి పోయాయి. ఇక ఆ పెట్టె ఒక్కటే మిగిలింది.

ఆపరేషన్ అయ్యాక అక్క దాని జోలికి పోలేదు. విందామా అంటే తల అడ్డంగా ఊపేది. మెడ దగ్గరి రంధ్రానికి తెల్లగుడ్డ కట్టుకుని, పెదవులు కదిపి మాట చెప్పేది. దూరంగా ఉన్న బావను పిలవాలంటే చప్పట్లు కొట్టేది. మొదటి చప్పట్లకే ఆయన చేతిలో పని వదిలేసి వచ్చేవాడు.

మరుసటి ఏడాది దసరా వెళ్లాక, ఒకసారి నేను వెళ్లినప్పుడు, తనే బీరువా తెరిచి ఆ పెట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "ఒకతూరి వినాల" అన్నాయి పెదవులు.

ల్యాప్‌టాప్‌కు తగిలించాను. లైటు వెలిగింది. లోపల టక్కు టక్కుమని చప్పుడు. తెర మీద మాత్రం ఏమీ రాలేదు. తీసి మళ్లీ తగిలించాను. అదే చప్పుడు. అక్క తెర వైపు కాదు, నా ముఖం వైపు చూస్తోంది. "వైరు బాగలేదక్కా, కుప్పంలో సూసుకుంటాలే" అన్నాను. వైరు బాగానే ఉందని నాకు తెలుసు. ఆ సాయంత్రమే కుప్పం బస్సెక్కాను.

సెంటర్లో ఉన్న కంప్యూటర్లన్నిటికీ తగిలించి చూశాను. ఒకదానిలో మాత్రం కాసేపు కనబడి, ఉన్నదంతా చెరిపేసి ఫార్మాట్ చేయమంటావా అని అడిగింది. ఆ ప్రశ్న చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తలుపు తెరుచుకోకపోతే ఇల్లు కూల్చేద్దామా అని అడిగినట్టు ఉంటుంది. వద్దని నొక్కి, పెట్టెను తువ్వాలులో చుట్టుకుని మదనపల్లెకు పోయాను.

అక్కడ కంప్యూటర్లు బాగుచేసే షాపతను చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇది సచ్చిపోయిందప్పా. కొత్తది తీసుకోపో" అన్నాడు.

"నాకు పెట్టెతో పని లేదు. లోపల ఉండేది కావాల" అని గట్టిగా అరిచాను. పాపం, అతను చేసిన తప్పేమీ లేదు. స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని అతని బల్ల మీదే పెట్టె విప్పాను.

వైరు దూర్చే చోట, సన్నటి పిన్నుల మధ్య పసుపుపచ్చటి మరక. దాని కింద చిలుము. గోటితో గీరి వాసన చూశాను. నిజంగా పసుపే. పెట్టె అంచు గీతలో ఎర్రటి పొడి కూడా ఇరుక్కుని ఉంది. నాకు ఆయుధపూజ గుర్తొచ్చింది. అక్కడి నుంచే బావకు ఫోన్ చేశాను.

"దసరాకు ఈ పెట్టెకు పూజ చేసినావా?"

"చేసినానప్పా. కొడవలికి పసుపునీళ్లు సల్లినా, మోటారు స్టార్టరుకు సల్లినా. మీ అక్క గొంతుండే దాన్ని యెట్లా వదిలేసేది? దానికే పెద్దబొట్టు పెట్టినా."

"బుద్ధుండాదా బావా నీకు? ఆ నీళ్లే దీన్ని సంపేసినాయి!"

"ఇంక రాదా అప్పా?" అన్నాడు బావ మెల్లగా. ఆ గొంతు విన్నాక నా కోపం ఎటు పోయిందో తెలియదు.

నీళ్లు బయటి పెట్టెలోనే ఆగాయి, లోపలి డిస్కు పొడిగానే ఉంది. దాన్ని జాగ్రత్తగా ఊడదీసి, కొత్త పెట్టె కొని అందులో బిగించాను. టక్కు టక్కు ఆగిపోయి, మెత్తగా తిరిగే చప్పుడు వచ్చింది. కానీ ఫైళ్లు తెరుచుకోలేదు. పోయినవాటిని వెతికి తీసే ప్రోగ్రామ్ వేసి, దాని ముందు గుడ్లప్పగించి కూర్చున్నాను. ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. పేర్లు పోయాయి, వరస పోయింది. పాటల్లో ఒకటి రానేలేదు, ఇంకోటి సగంలో కీచుమని ఆగిపోయింది. వసారాలో తీసినవి మాత్రం చాలావరకు మిగిలాయి.

మర్నాడు మధ్యాహ్నం వేళకు అక్కావాళ్ల ఇల్లు చేరాను. పల్లెలో కరెంటు లేదు, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. బావ నా ముఖం చూడలేక, ఆవుకు గడ్డి వేయాలంటూ దొడ్లోకి పోయాడు. అక్క వసారాలో నా పక్కన కూర్చుని చెవి దగ్గరగా పెట్టింది.

"పాలు నీళ్లగుండాయా? నీ కండ్లు నీళ్లగుండాయి, సూడు!" అంటోంది రికార్డింగులో అక్క, పాలు పోయించుకునేవాడితో.

నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. అక్క మాత్రం నొసలు ముడిచింది. "ఎవురిది?" అన్నాయి పెదవులు.

"నీదే కదక్కా."

కాదని తల ఊపింది. తన గొంతు ఇలా ఉండదంది. ఎవరి గొంతు వాళ్లకు లోపలి నుంచి వేరుగా వినిపిస్తుందని, బయటివాళ్లకు ఇట్లాగే ఉంటుందని చెప్పి చూశాను. అక్క వినిపించుకోలేదు. తను ఇన్ని నెలలు తలుచుకున్నది ఆ లోపలి గొంతునే. అది ఏ మైకుకూ దొరకదు. దాన్ని తెచ్చి ఇవ్వడం నావల్ల కాదు.

నేను ఆపేలోపే తర్వాతి ఫైలు మొదలైంది.

"ఏమయ్యో, యాడుండావు? మోటారాపు! తొట్టి పొంగిపోతాండాది!"

"ఆపుతాండా, ఆపుతాండా!" అని దొడ్లోంచి కేక వచ్చింది. గడ్డిమోపు కింద పడేసి బావ మోటారు దగ్గరికి పరిగెత్తాడు. స్టార్టరు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు. మోటారు ఆడటం లేదు. తొట్టిలో చుక్క నీళ్లు లేవు.

అక్క ల్యాప్‌టాప్ వైపు చూసింది. మళ్లీ ఆయన వైపు చూసింది. "నాదే" అన్నాయి పెదవులు.

బావను పిలుస్తూ చప్పట్లు కొట్టింది. ఆయన తిరగలేదు. ఇంకోసారి కొట్టింది. ఆయన భుజాలు కదులుతున్నాయి కానీ చెయ్యి స్టార్టరు మీది నుంచి తీయలేదు. అక్క లేచి దొడ్లోకి వెళ్లింది.